ఈకల ఈగ, వానపాము: ఒక అభిరుచి వర్గ స్వభావం

మన దేశంలో చేపలు పట్టేవాళ్ళకు కులం ఉంది. ఇంగ్లండులో చేపలకే కులం ఉంది. అక్కడి మంచినీటి చేపల్లో సాల్మనూ ట్రౌటూ ‘వేట చేపలు’. రోచ్, పెర్చ్, బ్రీమ్, కార్ప్, పైక్ వగైరాలన్నీ ‘ముతక చేపలు’. ఇంగ్లీషులో ముతక గుడ్డకూ మోటు మనిషికీ ఏ విశేషణం వాడతారో ఈ చేపలకూ అదే వాడతారు. ఈ విభజన జంతుశాస్త్రం చేసింది కాదు. గ్రేలింగ్ అని ఒక చేప ఉంది. శాస్త్రం ప్రకారం అది సాల్మన్ కుటుంబానిదే, వీపు మీద తెరచాపలాంటి రెక్కతో చూడ్డానికి చక్కగా ఉంటుంది. అయినా దాన్ని చాలాకాలం ముతక చేపల పంక్తిలోనే కూర్చోబెట్టారు. దక్షిణ ఇంగ్లండులోని ఖరీదైన ట్రౌట్ నదుల్లో దాన్ని కలుపు మొక్కలాగా ఏరిపారేశారు. మన మహసీర్ కథ దీనికి సరిగ్గా తలకిందులు. అది కార్ప్ కుటుంబపు చేప. అంటే మన బొచ్చెకూ శీలావతికీ దాయాది. ఇంగ్లండు లెక్కన ముతకది కావాలి. కాని మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకం రాసి, పోరాటంలో మహసీర్ సాల్మన్‌కు తీసిపోదు సరికదా మించిపోతుందన్నాడు. దొర గాలానికి పడిన పుణ్యాన దానికి కులోన్నతి కలిగింది. బొచ్చె మాత్రం బెస్తవాడి గంపలోనే ఉండిపోయింది.

చేపలకున్న ఈ అంతరమే వాటిని పట్టే గాలాలకూ ఉంది. వానపామునో పిండి ఉండనో గుచ్చి నీళ్ళలో వేసి కూర్చునేది ఎర గాలం. ఈకలూ ఉన్నీ దారమూ చుట్టి పురుగులాగా తయారు చేసిన కొక్కేన్ని విసిరేది, ఫ్లై ఫిషింగ్ అని వాళ్ళనేది, మన సౌకర్యం కోసం ఈగ గాలం అందాం. ఈగ గాలం వాళ్ళు గర్విష్ఠులనీ, అది డబ్బున్నవాళ్ళ వినోదమనీ ఎర గాలం వాళ్ళు అంటారు. తమది నైపుణ్యమనీ, ఎర గాలం వాడికి ఓపిక తప్ప విద్య అక్కర్లేదనీ ఈగ గాలం వాళ్ళంటారు. ఇంగ్లండులో రెండు వందల ఏళ్ళుగా, అమెరికాలో నూరేళ్ళకు పైగా ఈ వాదం నడుస్తూనే ఉంది.

నేను చేపలు పట్టేవాణ్ణి కాను. ఈ వాదం నన్ను ఆకర్షించింది సాహిత్యం ద్వారా. మన సభల్లో ఒక పనితనాన్ని ‘ఉన్నత వర్గ కళ’ అని ఒక్క మాటతో తోసేయడమూ, లేదా ఒక కట్టుబాటును ‘శిల్పం’ అనే పేరుతో కాపాడడమూ రెండూ తరచుగా జరుగుతుంటాయి. ఈ రెండు తప్పులూ ఒక కొక్కెం చుట్టూ ఎలా జరిగాయో చూడడం మనకు పనికొస్తుంది. పైగా మన కొట్లాటలకు దూరంగా ఉన్న వస్తువు కనుక ఎవరూ నొచ్చుకోకుండా చూడవచ్చు.

ముందు పని సంగతి తెలియాలి. ఎర గాలంలో బరువు దారం చివర ఉంటుంది. సీసపు గుండో ఎరో ఆ బరువు. అది ముందు ఎగిరి దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఈగ గాలంలో చివరనున్న ఈకల ఈగకు బరువే లేదు. విసిరితే కాళ్ళ దగ్గరే పడుతుంది. అందుకని దారాన్నే బరువుగా చేస్తారు. పూర్వం గుర్రపు వెంట్రుకలు పేని చేసేవారు, తర్వాత నూనె పట్టించిన పట్టుదారం, ఇప్పుడు ప్లాస్టిక్ పూతవేసిన తాడు. దాన్ని కర్రతో వెనక్కీ ముందుకీ ఆడించి, గాలిలో పూర్తిగా విప్పుకునే క్షణం చూసి వదలాలి. అప్పుడు ఆ తాడు ఈగను తీసుకుపోయి నీటి మీద మెత్తగా దించుతుంది. ఇంకొక తేడా ఉంది. వానపాముకు వాసన ఉంది, రుచి ఉంది, చేప దాన్ని మింగుతుంది. ఈకల ఈగకు రూపమూ నడకా తప్ప ఏమీ లేవు. నోట్లో పెట్టుకున్న చేప మోసం గ్రహించి ఉమ్మేసేలోగా కర్ర ఎత్తాలి. వ్యవధి ఒకటి రెండు సెకన్లు. ఏ పురుగు ఏ నెలలో ఏ పూట నీటి మీద పుడుతుందో, దాని రంగేమిటో తెలిసి ఉండాలి. అలంకారశాస్త్రం చదివినవాళ్ళకు ఇది పరిచయమైన వ్యవహారమే. ఒకటి వస్తువునే ఇస్తుంది, ఇంకొకటి అనుకరణను ఇస్తుంది. అనుకరణ కష్టమైనదన్న మాట నిజం. వివాదం ఆ కష్టం గురించి కాదు, ఆ కష్టానికి ఒక వర్గం పేరు ఎలా వచ్చిందన్నది.

పుట్టుకలో అలాంటిదేమీ లేదు. క్రీస్తు శకం 200 ప్రాంతంలో ఏలియన్ అనే రచయిత మాసిడోనియాలో ఒక నది గురించి రాశాడు. అక్కడి జనం కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి మెడ ఈకలు రెండు కట్టి, మచ్చల చేపలను పడతారని వర్ణించాడు. నిజమైన ఈగ చేయి తగిలితేనే పాడైపోతుందట, అందుకని కట్టారు. పొట్ట కోసం చేసిన ఉపాయమే తప్ప విలాసం కాదు.

వర్గం ముద్ర మొదటిసారి అచ్చులోనే కనపడుతుంది. ఇది మన పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం. ఇంగ్లీషులో గాలం విద్య మీద అచ్చయిన తొలి రచన 1496లో లండన్ ముద్రాపకుడు వింకిన్ డి వర్డ్ వేశాడు. జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని ప్రచారమే గాని రుజువు లేదు. డేగ వేట, మృగయ, వంశచిహ్నాలు — ఇలాంటి కులీనుల విషయాలున్న ఒక పెద్ద గ్రంథంలో దీన్ని కలిపి వేశారు. ఎందుకలా కలిపారో ఆ రచన చివర దాపరికం లేకుండా చెప్పారు. విడిగా చిన్న పుస్తకంగా వేస్తే పనీపాటా లేని ప్రతివాడి చేతిలోనూ పడుతుందనీ, వాళ్ళు చేపలను నాశనం చేస్తారనీ, అందుకే పెద్దమనుషులు కొనే పెద్ద గ్రంథంలో పెట్టామనీ దాని తాత్పర్యం. అచ్చుయంత్రం ఇంగ్లండుకు వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళే. విద్యను అందరికీ పంచగల సాధనం చేతికి రాగానే, పుస్తకం పరిమాణాన్నీ వెలనూ గోడగా వాడవచ్చని కనిపెట్టారన్నమాట! ఇంకో విశేషం: ఆ గ్రంథంలో పన్నెండు రకాల ఈకల ఈగల తయారీ ఉంది, వానపాముల వంటి ఎరల గురించీ ఉంది. గోడ పెద్దమనుషులకూ సామాన్యులకూ మధ్య ఉంది గాని ఈగకూ వానపాముకూ మధ్య ఇంకా లేచిరాలేదు.

1653లో వచ్చిన ఐజాక్ వాల్టన్ ‘కంప్లీట్ యాంగ్లర్’లోనూ లేవలేదు. వాల్టన్ స్టాఫర్డ్‌లో సారాయంగడి నడిపేవాడి కొడుకు, లండన్‌లో వ్యాపారం చేసుకున్నవాడు. ఆ పుస్తకం నిండా పాలమ్మాయిలూ, పల్లెటూరి పూటకూళ్ళూ, వానపాములూ, కప్పలూ ఉంటాయి. ఈగల సంగతి ఆయనకు అంతంతమాత్రం, ఆ భాగానికి ఇంకొకరి మీద ఆధారపడ్డాడు. 1676 కూర్పుకు ఈగ గాలం గురించి అసలైన భాగం రాసిచ్చినవాడు చార్లెస్ కాటన్. డవ్ నది ఒడ్డున భూములున్న జమీందారు, నది పక్కనే చేపల వేట కోసం ఒక రాతి ఇల్లు కట్టించుకున్నవాడు. (అప్పులవాళ్ళు వస్తే గుహలో దాక్కునేవాడని కూడా చెబుతారు. భూస్వామ్యం అన్ని చోట్లా ఒకటే.) వర్తకుడు వానపాము గురించీ, జమీందారు ఈగ గురించీ రాసిన ఈ ఒక్క పుస్తకంలో తర్వాతి చీలిక బీజంగా ఉందని ఇప్పుడు మనకు అనిపిస్తుంది. వాళ్ళిద్దరూ మాత్రం ఆప్తమిత్రులు. ఆ రాతి ఇంటి ద్వారం మీద ఇద్దరి పేర్ల తొలి అక్షరాలూ అల్లి చెక్కించారు.

చీలికను గట్టిపరచింది 19వ శతాబ్దం. కారణం రసికత కాదు, రైలూ భూమీ.

ఇంగ్లండు న్యాయం ప్రకారం సముద్రపు పోటు తగిలే మేర దాటాక నదిలో చేపలు పట్టే హక్కు సాధారణంగా ఒడ్డు భూమి యజమానిది. ఆ హక్కును భూమి నుంచి విడదీసి అమ్మవచ్చు, కౌలుకివ్వవచ్చు. పారిశ్రామిక నగరాలు పెరిగి, రైళ్ళు నడవడం మొదలయ్యాక షెఫీల్డు, నాటింగ్‌హామ్ వంటి ఊళ్ళ కార్మికులు సెలవునాడు గాలం పట్టుకుని బయల్దేరారు. వాళ్ళకు దొరికిన నీళ్ళేవి? కాలవలు, మెల్లగా పారే తూర్పు నదులు, గుంటలు. అక్కడ ఉన్నవి ముతక చేపలు. సారాయంగళ్ళలో సంఘాలు పెట్టుకున్నారు, తలా కాసింత వేసుకుని పందేలు నడిపారు. ఒడ్డు పొడుగునా మేకులు పాతి, చీటీ తీసి ఎవరి చోటు వాళ్ళకిచ్చి, సాయంత్రానికి ఎవరి సంచి బరువు ఎక్కువైతే వాళ్ళకు బహుమతి. పెద్దమనుషులు దీన్ని చూసి ముక్కు మూసుకున్నారు. డబ్బు పందెం గాలానికి అవమానమన్నారు. కాని ముతక చేపలకు గుడ్లు పెట్టే కాలంలో రక్షణ కావాలని పోరాడి చట్టం చేయించుకున్నది ఈ సంఘాల వాళ్ళే. 1878 చట్టం షెఫీల్డు పార్లమెంటు సభ్యుడు ముండెల్లా పేరుతో ప్రసిద్ధి. అది మార్చి 15 నుంచి జూన్ 15 దాకా వేట నిషేధించింది. 1496 నాటి గ్రంథం భయపడిన ‘పనిలేని’ జనం చేపలను నాశనం చేయడానికి బదులు కాపాడే చట్టం తెచ్చుకున్నారు. అంతేకాదు, 20వ శతాబ్దంలో ముతక చేపలవాడు పట్టిన చేపను వలసంచిలో ప్రాణంతో ఉంచి, తూచి, తిరిగి నీళ్ళలో వదలడం మామూలైపోయింది. ట్రౌట్ పట్టిన పెద్దమనిషి దాన్ని తల మీద కొట్టి ఇంటికి పట్టుకుపోయేవాడు. ఆ తర్వాత ‘పట్టి వదలడం’ అనేది ఈగ గాలం వాళ్ళ సంస్కారంగా అమెరికా నుంచి ప్రచారమైంది గాని, సారాయంగడి సంఘాలవాళ్ళ అలవాటును సంస్కారమని పిలిచినవాళ్ళు తక్కువ.

ఇదే కాలంలో దక్షిణాన హాంప్‌షైరులో టెస్ట్, ఇచెన్ అనే రెండు నదుల ఒడ్డున ఇంకొక లోకం తయారైంది. అక్కడి నేల సుద్దరాయి. వాన నీరు ఆ రాతిలోకి ఇంకి, వడకట్టుకుని, ఊటలుగా బయటికి వస్తుంది. అందుకని ఆ నదులు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే మట్టంలో, అద్దంలా పారతాయి. పురుగులు విస్తారం. చేప పైకి వచ్చి ఏ పురుగును తింటున్నదో ఒడ్డున నిలబడి చూడవచ్చు. టెస్ట్ నది మీద స్టాక్‌బ్రిడ్జ్ దగ్గర 1822లో పుట్టిన హౌటన్ క్లబ్బు సభ్యుల సంఖ్య నేటికీ చాలా పరిమితం. ఈ నీళ్ళ ఒడ్డున ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ అనే సంపన్న వర్తక కుటుంబీకుడు 1886లో ఒకటి, 1889లో ఒకటి పుస్తకాలు రాసి ‘పొడి ఈగ’ పద్ధతిని శాస్త్రంగా నిర్మించాడు. ఈగ నీటి మీద తేలాలి, మునగకూడదు. ప్రవాహానికి ఎదురుగానే విసరాలి. కంటికి కనిపించిన చేపకే విసరాలి. ఆ పూట అది తింటున్న పురుగుకు అచ్చమైన నకలు కావాలి.

హాల్‌ఫర్డ్ పరిశీలకుడు, శ్రమజీవి. ఆయన పురుగుల మీద చేసిన పనిని తక్కువ చేయలేం. కాని ఆయన లక్షణగ్రంథం శిష్యుల చేతిలో ధర్మశాస్త్రమైంది. ఒక సుద్దనేలకు పనికివచ్చే పద్ధతి మొత్తం విద్యకు నీతిగా మారింది. ఉత్తరాన రాళ్ళ మీద దూకే వాననీటి నదుల్లో మునిగే ఈగతో పట్టే యార్క్‌షైరు మనిషి హఠాత్తుగా తక్కువవాడైపోయాడు. ఇక వానపాము సంగతి చెప్పేదేముంది! ఇక్కడ నియమమూ ఆస్తీ ఒకదాన్నొకటి ఎలా పోషించుకున్నాయో చూడండి. ఈ పద్ధతి సాగాలంటే నీళ్ళలో నాచు అదుపులో ఉండాలి. దాన్ని కొడవళ్ళతో కోసే నది కాపలావాళ్ళు జీతానికి ఉండాలి. ఒడ్డున గుంపు ఉండకూడదు. ఒక్క చేప కోసం ఒక పూటంతా కాచుకునే తీరిక ఉండాలి. ఇవన్నీ డబ్బు సమకూర్చిన సదుపాయాలు. పుస్తకంలోకి వచ్చేసరికి సదుపాయాల పేర్లు మాయమై వాటి ఫలితం ‘శుద్ధి’ అనే పేరుతో మిగిలింది. కొడవలి పట్టినవాడి పేరు ఏ అధ్యాయంలోనూ శీర్షిక కాలేదు.

ఈ శుద్ధిని లోపలి నుంచే ప్రశ్నించినవాడు జి.ఇ.ఎం. స్క్యూస్ అనే లండన్ న్యాయవాది. ఇచెన్ నది మీదే పట్టేవాడు. చచ్చిన ట్రౌట్ గొంతులోంచి ఎముకల మూలుగ తీసే సన్నని గరిటె దూర్చి, అది తిన్నదాన్ని తీసి, తెల్లని పళ్ళెంలో నీళ్ళు పోసి పరిశీలించేవాడు. ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీటి మీద తేలే పురుగులు కావు, నీటి లోపల ఇంకా రెక్కలు రాని దశలో ఉన్నవి. మరి ఆ దశను అనుకరించే ఈగను నీటి లోపలే ఎందుకు పంపకూడదు? 1910లో పుస్తకం రాశాడు. వాదం ముదిరి 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్బులో చర్చ దాకా వచ్చింది. అప్పటికి ఆయన వయసు 79. సభ ఆయన పక్షాన లేదు. ఆ ఏటితో తన పాత నీళ్ళు వదిలేశాడు. అనుకరణే ఆదర్శమనే వాళ్ళు, ఎక్కువ నిజమైన అనుకరణ ఎదురైనప్పుడు అది నియమవిరుద్ధమన్నారు. మన సాహిత్య చరిత్ర తెలిసినవాళ్ళకు ఇలాంటి సభలు కొత్త కాదు. లక్షణకర్త చూసిన లక్ష్యం కన్నా లోకం పెద్దదని చెప్పినవాడికి సన్మానం ఎప్పుడు జరిగింది గనుక?

అయితే స్క్యూస్‌ను విప్లవకారుడనుకోవడానికి వీల్లేదు. ఆయన కొట్లాడింది ఈగ నీటి మీద ఉండాలా లోపల ఉండాలా అని. ఒడ్డు ఎవరిదన్న ప్రశ్న ఆయనకు రాలేదు. రూపం గురించి ఎంత తీవ్రంగా పోట్లాడుకున్నా ఆస్తి ప్రశ్న పక్కనే నిద్రపోతూ ఉండవచ్చు.

సాల్మన్ ఈగల దగ్గరికి వస్తే వ్యవహారం విపరీతానికి పోయింది. స్కాట్లండులో స్పే నది పాత ఈగలు ఊళ్ళో దొరికే ఉన్నితో, కొంగ ఈకలతో కట్టినవి. విక్టోరియా కాలంలో సామ్రాజ్యపు ఓడలు లోకంలోని పక్షులన్నిటినీ లండన్ రేవులో దించసాగాయి. చిలకలు, టూకన్లు, బంగారు నెమళ్ళ వంటి చీనా కోళ్ళు, మన దక్షిణాది అడవికోడి — వీటి ఈకలు కలిపి ఒక్క కొక్కేనికి కట్టే వంటకాలు పుట్టాయి. 1895లో జార్జి కెల్సన్ రాసిన గ్రంథం వాటికి ప్రమాణమైంది. మన అడవికోడి మెడ మీది మైనపు చుక్కల ఈకకు ఎంత గిరాకీ వచ్చిందంటే, ఇంగ్లీషు సాల్మన్ ఈగల్లో అది లేనివి వెతుక్కోవాలి. తమాషా ఏమిటంటే, గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎక్కివచ్చే సాల్మన్ అసలు తిండే తినదు. అది ఈగను ఎందుకు కరుస్తుందో ఎవరూ నిశ్చయంగా చెప్పలేరు. కాబట్టి ఆ ఏడెనిమిది పక్షుల సింగారం చేప కోసం కాదు, పక్కవాడు చూడడం కోసం. ప్రబంధాల్లోని అష్టాదశ వర్ణనల్లో కొన్నిటికి ఇలాంటి ప్రయోజనమే ఉందని నా అనుమానం. ఆ మోజు ఇప్పటికీ చావలేదు. 2009లో ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియం నుంచి 299 పక్షుల చర్మాలు దొంగతనమయ్యాయి. ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ సేకరించినవి కూడా వాటిలో ఉన్నాయి. ఆ ఈకలు వెళ్ళింది పాత వంటకాల ప్రకారం సాల్మన్ ఈగలు కట్టే అభిరుచిపరుల దగ్గరికే. వాళ్ళలో చాలామంది ఆ ఈగలను నీళ్ళలో వేయరు, అద్దాల పెట్టెలో పెట్టుకుంటారు.

ఇంతకీ ఈ ఈగలు కట్టేదెవరు? వాడేవాళ్ళలో కొందరు సొంతంగా కట్టుకుంటారు, నిజమే. కాని అమ్మకానికి వచ్చేవాటిని కట్టింది ఎక్కువగా ఆడవాళ్ళు. పూర్వం ఇంగ్లండు కార్ఖానాల్లో, తర్వాత చౌక కూలి వెతుక్కుంటూ పోయిన వ్యాపారం వల్ల కెన్యాలో, శ్రీలంకలో, థాయిలాండులో. కట్టేది ఎప్పుడూ చూడని నదిలో, ఎప్పుడూ చూడని చేప కోసం. స్కాట్లండులో బ్రోరా దగ్గర మేగన్ బోయ్డ్ అనే ఆవిడ (1915–2001) జీవితమంతా ఇదే పని చేసింది. తండ్రి ఒక ఎస్టేట్‌లో ఉద్యోగి. కరెంటు లేని చిన్న ఇంట్లో కిటికీ పక్క కూర్చుని కట్టిన ఆవిడ సాల్మన్ ఈగలు లోకంలోకెల్లా గొప్పవని పేరు. కొన్నవాళ్ళలో అప్పటి యువరాజు చార్లెస్ కూడా ఉన్నాడు. 1971లో ప్రభుత్వం పతకం ఇచ్చింది. ఆవిడ ఎన్నడూ ఒక్క సాల్మన్‌నైనా పట్టలేదు. చంపడానికి మనసొప్పదనేది. ఈగ గాలం ఉన్నత వర్గ కళా కాదా అని అడిగేవాళ్ళకు ఆవిడ చిక్కు తెచ్చిపెడుతుంది. ఆ కళ ఎవరిది? పట్టినవాడిదా, కట్టినదానిదా?

నైపుణ్యం ఏ వర్గపు సొత్తూ కాదనడానికి సాక్ష్యాలు కావలసినన్ని ఉన్నాయి. స్కాట్లండు రచయిత డబ్ల్యు.సి. స్టివర్ట్ 1857లో రాసిన ‘ప్రాక్టికల్ యాంగ్లర్’లో ప్రసిద్ధమైన ‘సాలీడు’ ఈగలను తాను నేర్చుకున్నది జేమ్స్ బెయిలీ దగ్గరని చెప్పుకున్నాడు. బెయిలీ చేపలు పట్టి అమ్ముకుని బతికే మనిషి. అదే పుస్తకంలో, వేసవిలో తేటనీటిలో వానపాముతో ట్రౌట్ పట్టడం ఎంత సున్నితమైన పనో స్టివర్ట్ ఒక పూర్తి అధ్యాయంలో చెప్పాడు. ఓపిక తప్ప విద్య అక్కర్లేదనేవాళ్ళు అది చదవలేదన్నమాట. జపాన్ కొండల్లో తెంకారా అనే పద్ధతి ఉంది. పొడుగాటి వెదురు, దానికి కట్టిన దారం, ఒక్క ఈకల ఈగ. దారం చుట్టుకునే చక్రం లేదు. అది అచ్చంగా ఈగ గాలమే. వాడింది కొండ పల్లెల జాలరులు, పట్టిన చేపలను సత్రాలకు అమ్ముకునేవాళ్ళు. అక్కడ దానికి ‘శుద్ధి’ ఎవరూ అంటగట్టలేదు, పూట గడిచేందుకు వేగంగా పట్టగలిగితే చాలు. 2009 తర్వాత అమెరికాకు చేరి అది ‘సరళ జీవన’ వస్తువుగా దుకాణాల్లో మంచి వెలకు అమ్ముడుపోతోంది. ఒకే కర్ర ఒక ఒడ్డున కూలి, ఇంకో ఒడ్డున అభిరుచి.

ఇంగ్లండులోనే ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత నగరాలకు తాగునీటి కోసం పెద్ద జలాశయాలు కట్టారు. వాటిలో ట్రౌట్ వదిలి, రోజు టికెట్టు పెట్టి ఎవరినైనా రానిచ్చారు. 1966లో గ్రాఫమ్ జలాశయం తెరిచారు. అప్పటిదాకా రోచ్, కార్ప్ పట్టిన ఫ్యాక్టరీ మనుషులు ఈగ గాలం పట్టి అక్కడికి చేరారు. 1952లో 44 పౌన్ల కార్ప్ పట్టి ముతక చేపల లోకంలో మహానుభావుడైన రిచర్డ్ వాకర్ అనే ఇంజనీరు వీళ్ళకు జలాశయాల కోసం కొత్త ఈగలు కట్టిపెట్టాడు. రాకూడదన్న పలక తీసేసిన మరునాడే రాని విద్య వచ్చేసింది. ఇన్నాళ్ళూ రానిది విద్య వల్ల కాదు, పలక వల్ల.

ఇక్కడ మన జాషువా గుర్తుకు వస్తాడు. పద్యం పండితుల సొత్తనీ, ఛందస్సు భూస్వామ్య అవశేషమనీ తీర్పు చెప్పేవాళ్ళు 1941 నాటి ‘గబ్బిలం’ ముందు ఏం చేస్తారు? అంటరానివాడన్న సమాజం ముఖం మీదికి ఆయన విసిరింది ఆ సమాజం తన సొంతమనుకున్న వృత్తపద్యాన్నే, మేఘసందేశం నుంచి తెచ్చుకున్న దూతకావ్య పద్ధతినే. వృత్తం ఆయన చేతిలో ఎందుకు బానిస కాలేదు? వృత్తం బానిసా కాదు, దొరా కాదు కనుక. ఒడ్డుకు ఎవర్ని రానిచ్చారు, ఎవర్ని రానివ్వలేదు అన్న ప్రశ్న వేరు. బళ్ళో ఎవరు కూర్చోగలిగారు, పుస్తకం ఎవరు కొనగలిగారు, సభలో ఎవరికి కుర్చీ వేశారు — ఇది ఆస్తి ప్రశ్న. దానికి జవాబు యతిప్రాసలను తిట్టడంలో లేదు. దీని రెండోవైపు కూడా చెప్పాలి. ‘శిల్పం లేదు’ అని ఒక పాటను తోసేసే పెద్దలు చాలాసార్లు తమ సుద్దనేల సూత్రాన్నే లోకసూత్రం అనుకుంటున్నారు. పొలంలో నాటేస్తూ పాడే పాట వేరే నేల మీది నీరు. అక్కడ మునిగే ఈగే పనిచేస్తుంది.

అమెరికాకు వస్తే బొమ్మ కొంత మారుతుంది. అక్కడ ఈగ గాలానికి ప్రతిష్ఠ తెచ్చిన రచన నార్మన్ మెక్లీన్ 1976లో ప్రచురించిన ‘ఎ రివర్ రన్స్ త్రూ ఇట్’. మోంటానా రాష్ట్రంలో ఒక పాదిరీ, ఇద్దరు కొడుకులు, వాళ్ళ నది. ఆ ఇంట్లో ఈగ గాలం మతంతో సమానం. ఏసుక్రీస్తు శిష్యుల్లో మంచివాళ్ళందరూ ఈగ గాలం వాళ్ళే అయివుంటారని పిల్లలు అనుకునేంత. కథలో బావమరిది ఒకడు కాఫీ డబ్బా నిండా వానపాములతో వస్తాడు. రచయిత అతన్ని క్షమించడు. పైపైన చదివితే ఇది కూడా హాల్‌ఫర్డ్ ధోరణే, వానపాము వాడు నీచుడు. కాని వర్గం ఎటుందో చూడండి. డబ్బాతో వచ్చినవాడు పడమటి తీరం నుంచి షోకు బట్టలతో దిగినవాడు. ఈగ విసిరేవాళ్ళు జీతం చాలని పాదిరీ కొడుకులు. ఒకడు అడవి శాఖలో, దుంగల కోతలో ఒళ్ళు వంచినవాడు, ఇంకొకడు ఊరి పత్రికలో విలేఖరి. వాళ్ళ గర్వం డబ్బుది కాదు, క్రమశిక్షణది. దైవభక్తి కలిసిన ఆ క్రమశిక్షణలో కూడా ఒక క్రూరత్వం ఉందనీ, చేతకానివాణ్ణి మనిషిగా చూడలేకపోవడం అందులో భాగమనీ నాకనిపిస్తుంది. ఈ కథను ఉత్త ప్రకృతి వర్ణనగా మెచ్చుకునేవాళ్ళు ఆ డబ్బా దగ్గర ఆగరు. తమ్ముణ్ణి కాపాడలేని అన్న, బావమరిదికి సాయం చేయడం ఇష్టంలేని అన్న ఒక్కడేనన్న సంగతి ఆ డబ్బా దగ్గరే తెలుస్తుంది.

1992లో ఆ కథ సినిమాగా వచ్చింది. ఎండలో బంగారు తాడు గాలిలో మెలికలు తిరిగే దృశ్యం చూసి వేలమంది కర్రలు కొన్నారు. ఊరి పాదిరీ ఆదివారం సాయంత్రం నడిచి వెళ్ళిన నదుల పక్క పశువుల మైదానాలను దూరపు నగరాల ధనవంతులు విడిది కోసం కొనసాగారు. టెస్ట్ నది మోంటానాకు వస్తున్నట్టే కనిపించింది. అది పూర్తిగా రాలేకపోయిందంటే కారణం ఆ రాష్ట్రంలో ముందే జరిగిన ఒక పని. 1984లో అక్కడి సుప్రీంకోర్టు రెండు తీర్పుల్లో నదీజలం ప్రజలదని చెప్పింది. 1985లో శాసనసభ దాన్ని చట్టం చేసింది. నది అడుగు నేల ఎవరి పట్టాలో ఉన్నా సరే, మామూలు వరద గీత లోపల నడవడానికీ, ఈదడానికీ, చేపలు పట్టడానికీ ఎవరికైనా హక్కుంది. రైతు పొలం దాటి వెళ్ళే హక్కు లేదు. ప్రభుత్వ రోడ్డు వంతెన దగ్గర దిగవచ్చు. తర్వాత భూయజమానులు వంతెనల పక్క కంచెలు వేశారు, వ్యాజ్యాలు నడిచాయి. రూబీ నది వంతెనల కేసులో 2014లో ఆ కోర్టు మళ్ళీ ప్రజల దారినే నిలబెట్టింది. చట్టంలో ఈగ మాట లేదు, వానపాము మాట లేదు. వరద గీత ఎక్కడుందో కొలిచే పద్ధతి మాత్రం వివరంగా ఉంది: నీరు తరచు తడిపినందువల్ల నేల మీది మొక్కల తీరు ఎక్కడ మారిందో అక్కడ.